చైనా పల్లెల్లో కిటికీ పూలు: ఈ కత్తెర కళను ఇన్నాళ్లు నిలబెట్టిందేమిటి, ఇప్పుడు మారుస్తున్నదేమిటి

చైనా కొత్త సంవత్సరం వస్తోందంటే చాలు, ఎర్ర కాగితంలో కత్తిరించిన బొమ్మలు ప్రపంచమంతా కనిపిస్తాయి. 2026 ఫిబ్రవరి 17న మొదలైనది గుర్రం సంవత్సరం కాబట్టి ఆ ఏడాది బొమ్మల్లో ఎక్కువ గుర్రాలే. వాటి గురించి వచ్చే వార్తలు మాత్రం చదివేవాళ్లను అయోమయంలో పెడతాయి. ఒక వార్తలో ఈ కళ అంతరించిపోతోందని ఉంటుంది, పక్కనే కళ్లజోడు పెట్టుకుని కత్తెర పట్టిన ఒక ముసలమ్మ ఫొటో. ఇంకో వార్తలో ఊళ్లకు ఊళ్లే ఈ పని మీద బతుకుతున్నాయని ఉంటుంది. చైనా కాగితపు కత్తిరింపును యునెస్కో 2009లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2024 డిసెంబరులో వసంతోత్సవాన్ని, అంటే చైనా కొత్త సంవత్సర పండగనే చేర్చింది. మరి ఈ కళ పోతున్నట్టా, పెరుగుతున్నట్టా?

రెండు వార్తలూ నిజమే. పెరుగుతున్నది కాగితం బొమ్మల వ్యాపారం, ప్రదర్శన. తగ్గుతున్నది ఒక ఇల్లాలు తన కిటికీ కోసం, పక్కింటి పెళ్లి కోసం, జ్వరంతో ఉన్న పిల్లవాడి కోసం కత్తెర పట్టే అలవాటు. పేరు ఒకటే కావడంతో రెండూ కలిసిపోయి కనిపిస్తున్నాయి.

క్లుప్తంగా

ఉత్తర చైనా పల్లెల్లో ఈ కళ ఇంటి కట్టడంతో, చలికాలపు తీరికతో, పెళ్లిళ్లతో, జబ్బులతో ముడిపడి పెరిగింది. బొమ్మలు ఏటా పాడైపోయేవి, ఏటా మళ్లీ కత్తిరించేవాళ్లు, అలా మళ్లీ మళ్లీ చేయడం వల్లే నైపుణ్యం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరింది. కాగితం కిటికీలు పోయి గాజు రావడం, యువత పట్నాలకు వలస పోవడం, ప్లాస్టిక్ స్టిక్కర్లు రావడం ఆ చక్రాన్ని ఆపాయి. ప్రభుత్వ గుర్తింపు, మార్కెట్ రెండూ కళకు డబ్బూ పేరూ తెచ్చాయి కానీ, అమ్ముడుపోయే బొమ్మలనే బతికిస్తున్నాయి.

ముందు ఆ కిటికీని చూడాలి

ఈ కళకు పుట్టిల్లు ఒక్కటే అని చెప్పలేం. అయినా దాని పని అర్థం కావాలంటే షాన్‌షి ప్రావిన్స్ ఉత్తర భాగానికి, యెనాన్ చుట్టుపక్కల పసుపు మట్టి కొండల్లోకి వెళ్లాలి. అక్కడి పాత ఇళ్లు కొండవాలును తొలిచి కట్టుకున్న గుహ ఇళ్లు, వాటిని యావ్‌దోంగ్ అంటారు. మూడు వైపులా మట్టే కాబట్టి చలికి, ఎండకు బాగుంటుంది, కానీ వెలుతురు రావడానికి ముందువైపు ఒక్కటే దారి. అందుకే ఇంటి ముఖమంతా పెద్ద కమాను కిటికీ ఉంటుంది, దానికి చెక్క పట్టీలతో చిన్న చిన్న గళ్లు, ఆ గళ్ల మీద గాజు బదులు తెల్ల కాగితం.

ఏడాది తిరిగేసరికి ఆ కాగితం దుమ్ముకు, పొయ్యి పొగకు మాసిపోతుంది, అక్కడక్కడ చిరుగుతుంది. చాంద్రమాన సంవత్సరం చివరి నెలలో ఇల్లు దులిపేటప్పుడు దాన్ని పీకేసి కొత్త తెల్ల కాగితం అంటిస్తారు. ఆ తెల్లదనం మీద ఎర్ర బొమ్మలు పెడతారు. వీటినే చువాంగ్‌హువా, కిటికీ పూలు అంటారు. పేరులో పువ్వు ఉన్నా బొమ్మ పువ్వే కానక్కర్లేదు, కోడి కావచ్చు, చేప కావచ్చు, ఎద్దు కావచ్చు. గడికొక బొమ్మ అంటించేవాళ్లు కాబట్టి చాలా కిటికీ పూలు అరచేతిలో పట్టేంత చిన్నవి. అంటే బొమ్మ సైజును కళాకారిణి కంటే ముందు వడ్రంగి నిర్ణయించాడన్నమాట. పగలు ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఎండ బొమ్మలోంచి వడకట్టుకుని వస్తుంది, రాత్రి దీపం వెలిగిస్తే వాకిట్లో నడిచేవాళ్లకు అదే బొమ్మ లోపలి వెలుగులో కనిపిస్తుంది.

కిటికీతో ఆగలేదు. ఆ ఇళ్లలో కాంగ్ అనే ఇటుక అరుగు ఉంటుంది, వంట పొయ్యి వేడి దాని కింద నుంచి పోతుంది, చలికాలంలో ఇంటిల్లిపాదీ తినడం, పడుకోవడం, కబుర్లు అన్నీ దాని మీదే. ఆ అరుగు చుట్టూ గోడకు పొడవాటి బొమ్మల వరస. పెళ్లింట్లో పైకప్పు మధ్యలో పెద్ద గుండ్రటి పువ్వు. ధాన్యం కుండ మీద, నీళ్ల జాడీ మీద, పెళ్లికూతురి సామాను మీద ఒక్కొక్కటి. బూటు మీద, దిండు గలీబు మీద, పిల్లల బొంతల మీద చేసే ఎంబ్రాయిడరీకి కూడా ముందు కాగితంలో నమూనా కత్తిరించి, దాన్ని గుడ్డ మీద పెట్టి దారంతో కుట్టేసేవాళ్లు. అలాంటి చోట కాగితం కుట్టు కిందే ఉండిపోయేది, పైకి కనిపించేది కాదు.

వీటిలో ఏదీ దాచుకోవడానికి చేసింది కాదు. ఎండకు ఎరుపు వెలిసిపోతుంది, గాలికి కాగితం చిరుగుతుంది, వచ్చే ఏడు కొత్తది. సంక్రాంతి ముగ్గు తొక్కుడుకు చెరిగిపోతే మర్నాడు పొద్దున్నే కల్లాపి చల్లి మళ్లీ వేసుకునే తెలుగు ఇళ్లవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. రోజూ చెరిగిపోతుంది కాబట్టే రోజూ వేయాలి, రోజూ వేస్తారు కాబట్టే చెయ్యి తిరుగుతుంది, పక్కన కూర్చున్న పిల్లకు అదే వస్తుంది.

కాగితం కంటే పాత అలవాటు

కాగితం తయారీని మెరుగుపరిచి క్రీ.శ. 105లో చక్రవర్తికి నివేదించినవాడిగా చైనా చరిత్ర కై లున్ పేరు చెబుతుంది. కత్తిరింపు మాత్రం అంతకంటే పాతది. పల్చటి బంగారు రేకులో, తోలులో, పట్టుగుడ్డలో బొమ్మలు కోయడం ముందే ఉంది. 6వ శతాబ్దపు ఆచారాలను వర్ణించిన ఒక పాత గ్రంథం ప్రకారం కొత్త ఏడాది మొదటి నెల ఏడో రోజు మనుషుల పుట్టినరోజు. ఆ రోజు రంగు పట్టుతోనో బంగారు రేకుతోనో మనిషి బొమ్మలు కత్తిరించి తెరలకు అంటించేవాళ్లు, తలలో పెట్టుకునేవాళ్లు.

ఇప్పటిదాకా దొరికినవాటిలో అన్నిటికంటే పాత కాగితం బొమ్మలు వాయవ్య చైనాలో షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ దగ్గర బయటపడ్డాయి. 1959లో మొదలైన తవ్వకాల్లో అక్కడి సమాధుల్లో గుండ్రంగా మడిచి కత్తిరించిన కాగితాలు దొరికాయి. అవి ఉత్తర రాజవంశాల కాలానివి, అంటే 386 నుంచి 581 మధ్యవి. ఒకదానిలో జంట గుర్రాలు, ఒకదానిలో జంట కోతులు. ఎడారి పొడి గాలి లేకపోతే అవీ మిగిలేవి కావు. మిగతా చైనాలో ఇంత పాతవి దొరకలేదంటే అక్కడ చేయలేదని కాదు, తేమలో కాగితం బతకదు, అంతే.

8వ శతాబ్దపు కవి దూ ఫూ అంతర్యుద్ధ కాలంలో కుటుంబంతో పారిపోతూ ఇదే షాన్‌షి ప్రాంతంలో ఒక స్నేహితుడి ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ రాత్రి గురించి రాసిన కవితలో, ఆ ఇంటివాళ్లు కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు ఇచ్చి, కాగితం కత్తిరించి తమ ప్రాణాలను వెనక్కి పిలిచారని చెప్పాడు. భయానికి ఒంట్లోంచి బయటికి పోయిన ఆత్మను కాగితం బొమ్మతో పిలవడం అన్నమాట. సుమారు పన్నెండు వందల ఏళ్ల తర్వాత అదే ప్రావిన్స్ పల్లెల్లో అదే పని చేసే ముసలమ్మలు పరిశోధకులకు కనిపించారు.

చేతిలో ఏం జరుగుతుంది

పద్ధతులు రెండు. గీతను ఉంచేసి చుట్టూ ఉన్న కాగితాన్ని తీసేయడం ఒకటి. ఇందులో ప్రతి గీతా ఇంకో గీతను ఎక్కడో అక్కడ పట్టుకుని ఉండాలి, ఒక్కచోట తెగితే బొమ్మ ముక్కలై చేతిలోకి వచ్చేస్తుంది. రెండోది దీనికి తలకిందులు, గీతనే కోసి తీసేయడం. ఇందులో గీతలు ఒకదాన్నొకటి తాకకూడదు, తాకితే మధ్య ముక్క ఊడిపోతుంది. కాగితం గీతను ఎలా మోస్తుందన్నదే ఈ కళ వ్యాకరణం, కాబట్టి దీన్ని పెన్సిల్ బొమ్మకు చవక రూపం అనుకోవడం పొరపాటు. కోడి రెక్కకు, పులి బొచ్చుకు రంపపు పళ్లలాంటి కోతలు, కంటి రెప్పకు, బట్ట ముడతకు నెలవంక కోతలు. ఈ రెండు కోతలతోనే సగం పని అయిపోతుంది.

చేయి తిరిగినవాళ్లు ముందు గీసుకోరు. కాగితం మడిచి నేరుగా కత్తెర పెట్టేస్తారు. ఆ ప్రాంతంలో ఒక నానుడి ఉంది, ఆడపిల్లంటే పనితనం తెలిసిన పిల్ల కావాలి, దానిమ్మనూ పియోనీ పువ్వునూ గీత గీయకుండానే కత్తిరించాలి అని. పెళ్లిచూపుల్లో అమ్మాయి కత్తిరించిన కాగితాలు, కుట్టిన బూట్లు చూసి చేతి పని అంచనా వేసేవాళ్లు. అంటే ఈ కళ మెప్పుతో పాటు ఒత్తిడి కూడా తెచ్చింది. చదువుకు దూరంగా ఉంచిన ఆడపిల్లలకు తమ బుద్ధి చూపించుకునే దారుల్లో ఇది ఒకటి, అదే సమయంలో అత్తింటివాళ్లు పెట్టే పరీక్ష కూడా.

నమూనాలు ఊరు దాటి ఊరు ఎలా వెళ్లాయన్నది ఆసక్తికరమైన సంగతి. బాగున్న పాత బొమ్మను తెల్ల కాగితం మీద పెట్టి నీళ్లతో తడుపుతారు, రెండూ అతుక్కుంటాయి. దాన్ని నూనె దీపం పొగ మీద పడతారు. మసి పట్టి కాగితమంతా నల్లబడుతుంది, బొమ్మ ఉన్నంత మేర తప్ప. పాత బొమ్మను తీసేస్తే నల్లటి కాగితం మీద తెల్లగా దాని ఆకారం ఉంటుంది. ఈ మసి కాగితాన్ని నాలుగైదు ఎర్ర కాగితాల మీద పెట్టి, దారంతో కుట్టి, ఆ అచ్చు ప్రకారం కత్తిరించుకోవచ్చు. ఫొటోకాపీ లేని రోజుల్లో పొగే ఫొటోకాపీ. కోడళ్లు పుట్టింటి నుంచి తెచ్చుకునే వస్తువుల్లో ఇలాంటి నమూనాల కట్ట ఒకటి, పాత పుస్తకం పేజీల మధ్య దాచి తెచ్చేవాళ్లు. పెళ్లిళ్లతో పాటు బొమ్మలు కూడా ఊళ్లు మారాయి. ఒకరి నమూనా ఇంకొకరు తీసుకోవడం అప్పట్లో తప్పు కాదు. తీసుకున్నవాళ్లు అక్కడొక ఆకు, ఇక్కడొక పిట్ట చేర్చేవాళ్లు.

బొమ్మలు ఏం చెబుతాయి

చైనా భాషలో ఒకే శబ్దానికి చాలా అర్థాలు. బొమ్మల భాష చాలావరకు దీని మీదే నడుస్తుంది. చేపను యూ అంటారు, మిగులు అన్న మాటా అదే శబ్దం, కాబట్టి ధాన్యం కుండ మీద చేప ఉంటే తిండికి కొరత రాకూడదని. గబ్బిలానికి, అదృష్టానికి రెండింటికీ ఫూ అనే శబ్దమే, అందుకని గబ్బిలం శుభం. గబ్బిలం ఇంట్లోకొస్తే కీడని హడలిపోయే మన ఊళ్లలో ఆ బొమ్మ గోడకెక్కదు, ఎందుకంటే ఆ శుభమంతా జంతువులో లేదు, దాని పేరు పలికే తీరులో ఉంది. కప్ప వా, చంటిపిల్లా వా. తామరను లియెన్ అంటారు, వరసగా అన్నదీ లియెన్, కాబట్టి తామర మీద పిల్లవాడు కూర్చుంటే వరసగా కొడుకులు పుట్టాలన్న కోరిక.

ఇంకొన్ని బొమ్మలకు శబ్దంతో పని లేదు. తామర చుట్టూ తిరిగే చేప, మూతిమూతి కలిపి బోర్లించిన రెండు గిన్నెలు, ఇవి ఆలుమగల కలయికకు గుర్తులు. నోటితో చెప్పడానికి సిగ్గుపడే సంగతిని పెద్దవాళ్లు కొత్త దంపతుల గది గోడకు అంటించేసేవాళ్లు, అందరూ చూస్తుండగానే. కుందేలును చుట్టుకున్న పాము బొమ్మ ఉత్తర షాన్‌షిలో బాగా కనిపిస్తుంది. చైనా లెక్కలో పన్నెండేళ్లకు పన్నెండు జంతువులు, పాము సంవత్సరంలో పుట్టినవాళ్లకూ కుందేలు సంవత్సరంలో పుట్టినవాళ్లకూ పెళ్లయితే ఆ ఇల్లు సంపన్నమవుతుందని అక్కడి నానుడి. బయటివాళ్లకు పాము కుందేలును మింగబోతున్నట్టు కనిపించే బొమ్మ, ఊరివాళ్లకు జాతకం కుదిరిన పెళ్లి.

ఒక హెచ్చరిక అవసరం. చేపంటే ఆదిమ టోటెమ్ (ఒక తెగ తన మూలంగా కొలిచే గుర్తు), కోడంటే సూర్యుడు, కుందేలంటే చంద్రుడు అంటూ పండితులు చాలా రాశారు. వాటిలో ఎంత ఆ స్త్రీల నోటి నుంచి వచ్చింది, ఎంత పట్నం నుంచి వెళ్లినవాళ్ల ఊహ అన్నదాని మీద చర్చ ఉంది. అర్థం అడిగితే "మా అమ్మ ఇలాగే కత్తిరించేది" అనేది చాలా చోట్ల వినిపించే జవాబు. ఆ జవాబును తక్కువ చేయాల్సిన పని లేదు. అలవాటుగా అంటించిన బొమ్మ కూడా తన పని తాను చేసింది.

జ్వరం వచ్చినా, వాన ఆగకపోయినా

అలంకారం అన్న మాట ఈ కళకు సరిపోదనడానికి గట్టి ఆధారం ఇక్కడ ఉంది. తలకు రెండు వైపులా ముడులు వేసుకుని, చేతులు చాచి, కాళ్లు విడదీసి ఎదురుగా నిలబడిన ఒక పిల్ల బొమ్మ ఉంది, జ్వాజీ వావా అంటారు. చాలా బొమ్మల్లో ఒక చేతిలో కోడి, ఇంకో చేతిలో కుందేలు. ఈ పిల్ల పని బట్టి అవతారం మారుస్తుంది. పిల్లవాడు జడుసుకుని జ్వరం తెచ్చుకుంటే ప్రాణాన్ని వెనక్కి పిలిచేది ఇదే, తలుపు మీద ఉంటే చెడును అడ్డుకునేది ఇదే, పెళ్లింట్లో సంతానం ఇచ్చేదీ ఇదే. తల్లి గడప దగ్గర నిలబడి పిల్లవాడి పేరు పెట్టి పిలుస్తుంది, ఇంట్లోంచి ఇంకొకరు వచ్చేశానని బదులిస్తారు. ఉప్పుతో, మిరపకాయలతో దిష్టి తీసే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ తల్లి ఆదుర్దాను వేరే వివరించక్కర్లేదు.

వాన ఎడతెరిపి లేకుండా కురిసి పంట కుళ్లిపోతుంటే చీపురు పట్టుకున్న ఒక స్త్రీ బొమ్మను కత్తిరించి చూరుకు కడతారు. ఆమె మేఘాలను ఊడ్చేసి ఎండ తెస్తుందని నమ్మకం. తెలుగు పల్లెల్లో వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకుంటారు, అక్కడ ఇది వాన ఆగడానికి. చాంద్రమాన ఐదో నెల ఐదో రోజున పాము, తేలు, జెర్రి, బల్లి, గోదురుకప్ప అనే ఐదు విషజీవుల నుంచి కాపాడమని పులినో, కోడినో కత్తిరించి తలుపుకు అంటిస్తారు. ఆ రోజు వేసవి ముదిరే వేళ, పురుగూ పుట్రా బయటికొచ్చే వేళ. దగ్గర్లో డాక్టరు లేని కొండ ఊళ్లలో కత్తెర ఒక ధైర్యం.

కత్తెర వేరు, కత్తి వేరు

చైనా అంతా ఒకేలా కత్తిరించలేదు. హెబెయ్ ప్రావిన్స్‌లోని యూషియెన్‌లో కత్తెర కాదు, సన్నటి కత్తులు. పల్చటి కాగితాలను దొంతరగా పేర్చి ఒకేసారి చెక్కుతారు, తర్వాత సారాలో కలిపిన రంగులను చుక్కలు చుక్కలుగా వేస్తారు. సారా కాగితంలోంచి చకచకా ఇంకుతుంది కాబట్టి రంగు పై పొర నుంచి అడుగు పొర దాకా దిగుతుంది. 1890లో పుట్టి 1951లో పోయిన వాంగ్ లావ్‌షాంగ్ చెక్కిన నాటక పాత్రలతో ఈ శైలికి పేరొచ్చింది. ఇది మొదటి నుంచీ సంతలో అమ్మడానికి చేసిన పని, ఎక్కువగా మగవాళ్లది.

తూర్పు చైనాలోని యాంగ్‌జౌలో పెద్దింటి ఎంబ్రాయిడరీ నమూనాల నుంచి నాజూకైన శైలి వచ్చింది, అక్కడి జాంగ్ యోంగ్‌షౌ చేమంతులు ప్రసిద్ధం. దక్షిణాన ఫోషాన్‌లో రాగి రేకు కూడా వాడతారు. నైరుతిన యూనాన్‌లో బౌద్ధులైన దాయ్ జాతివాళ్లు ఉలితో కోసిన కాగితాలను ఆలయాల్లో వేలాడదీస్తారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మార్పు వచ్చినప్పుడు రెండు శైలులూ ఒకేలా తట్టుకోలేదు. యూషియెన్ కత్తి ఒక్క కోతకు పదుల కాపీలు ఇస్తుంది, కొనేవాళ్లు దొరికితే చాలు, అది నడుస్తుంది. యెనాన్ దగ్గరి ఆన్‌సాయ్‌లో కత్తెరకు కొనేవాళ్లతో పని లేదు, కిటికీ కావాలి. ఒక వార్తలో పెరుగుతోందని, ఇంకో వార్తలో పోతోందని రాయడానికి సగం కారణం ఇదే.

యెనాన్ మలుపు

తెలుగు అభ్యుదయ, విప్లవ సాహిత్యం చదివినవాళ్లకు యెనాన్ పేరు కొత్త కాదు. అప్పట్లో అది చైనా కమ్యూనిస్టు పార్టీ స్థావరం, 1942లో కళాసాహిత్యాల మీద మావో ప్రసంగాలు అక్కడే జరిగాయి. ప్రజల దగ్గరికి పోయి నేర్చుకోవాలన్న పిలుపుతో గూ యువాన్ లాంటి చిత్రకారులు పల్లెల్లో కిటికీ పూలు చూశారు, సేకరించారు, అదే పద్ధతిలో తామూ చేశారు. విషయం మాత్రం మారింది. పాము, కుందేలు బదులు రాట్నం వడికే స్త్రీ, చదువు నేర్చుకునే రైతు, తుపాకి పట్టిన గ్రామ రక్షకుడు. ఈ కళను బయటి ప్రపంచం గమనించడం పెద్ద ఎత్తున ఇక్కడే మొదలైంది, పల్లె కోరికలను పక్కన పెట్టి బొమ్మకు కొత్త పని అప్పగించడం కూడా ఇక్కడే మొదలైంది.

1966 తర్వాత సాంస్కృతిక విప్లవ కాలంలో దేవతలు, ఆత్మలు, శుభశకునాలు తుడిచేయాల్సిన పాత ఆచారాల కింద లెక్కకొచ్చాయి. కత్తెర ఆగలేదు గానీ మావో ముఖం, పొద్దుతిరుగుడు పూలు, నినాదాలు కత్తిరించింది. 1970ల చివర యెనాన్‌లో పనిచేస్తున్న చిత్రకారుడు జిన్ జిలిన్, స్థానిక సాంస్కృతిక కేంద్రాల సిబ్బంది ఊరూరా తిరిగి ముసలమ్మలను వెతికి కూర్చోబెట్టి పాత బొమ్మలు కత్తిరించమన్నారు. పదేళ్లకు పైగా బహిరంగంగా చేయని బొమ్మలు వాళ్ల చేతుల్లో అలాగే ఉన్నాయి. నమూనా కాగితాలు కాలిపోయినా నైపుణ్యం చేతిలో ఉండిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే షాన్‌షిలోని షున్‌యీకి చెందిన కు షూలాన్ (1920–2004) కథ వీటన్నిటికంటే వేరు. 1985లో ఆమె కొండ అంచు నుంచి పడిపోయి చాలా రోజులు స్పృహ లేకుండా ఉంది. లేచాక తాను పూలు కత్తిరించే దేవతనని చెప్పింది, పాటలు పాడుకుంటూ రంగురంగుల కాగితం ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికి ఆ దేవతను గుహ గోడల నిండా నిలబెట్టింది. కష్టాల కాపురం ఆమెది. ఆ గోడల మీద మాత్రం పట్టాభిషేకం జరిగినట్టు ఉంటుంది. ఆమె పనిని జానపద కళ అన్న డబ్బాలో పెట్టేసి ఊరుకోవడం అన్యాయం, అది ఒక మనిషి సొంత దర్శనం.

గాజు వచ్చాక

తగ్గుదలకు అందరూ చెప్పే కారణం ఆధునికత. ఆ మాట ఏమీ వివరించదు. కారణాలను విడదీసి చూడాలి.

మొదటిది కిటికీ. గాజు రావడంతో ఏటా కాగితం మార్చే అవసరం పోయింది, తెల్లటి నేపథ్యం పోయింది, అరచేతి గళ్లు పోయాయి. గాజుకు బొమ్మ అంటించవచ్చు, అంటిస్తున్నారు కూడా, కానీ అంటించకపోతే కిటికీ బోసిగా కనిపించదు. గుహ ఇళ్లు వదిలి అపార్ట్‌మెంట్లకు మారితే కాంగ్ కూడా పోయింది, దాని చుట్టూ గోడ బొమ్మల వరస కూడా.

రెండోది సమయం, ఇది అన్నిటికంటే పెద్దది కావచ్చు. చలికి పొలం పనులు ఆగిపోయే నెలల్లో ఆడవాళ్లంతా ఒకరి అరుగు మీద చేరి కత్తిరించేవాళ్లు, పిల్లలు పక్కనే కూర్చుని చూసేవాళ్లు. 1978లో చైనా జనాభాలో పట్టణవాసులు 18 శాతం లోపే, 2020 జనగణన నాటికి దాదాపు 64 శాతం. ఫ్యాక్టరీకి చలికాలపు తీరిక ఉండదు. వలస వెళ్లినవాళ్లు పండగకు కొద్ది రోజుల ముందు రైళ్లలో కిక్కిరిసి ఇంటికి చేరతారు, చేరేసరికి కత్తిరించడానికి టైమ్ లేదు, బజార్లో రెడీగా ఉన్నది కొంటారు. కూతురు తల్లి పక్కన కూర్చునే ఆ మూడు నెలలు లేకపోతే నేర్పడం అన్నదే జరగదు.

మూడోది స్టిక్కర్. యంత్రం మీద కోసిన ఎర్ర కాగితం, జిగురు లేకుండా గాజుకు అతుక్కునే ప్లాస్టిక్ బొమ్మ, రెండూ చవక. వెలిసిపోదు, చిరగదు, వచ్చే ఏడు మళ్లీ అంటించుకోవచ్చు. ఏటా మళ్లీ చేయాల్సిన పనిని ఈ మన్నికే తీసేసింది. గడప ముందు ముగ్గు స్టిక్కర్ అంటించుకున్న తెలుగు అపార్ట్‌మెంట్లలోనూ జరిగింది ఇదే.

నాలుగోది నమ్మకాలు, అవసరాలు మారడం. జ్వరానికి ఆస్పత్రి ఉంది. సంతానం మీద దశాబ్దాల పాటు ప్రభుత్వ ఆంక్ష ఉన్న దేశంలో వరసగా కొడుకులు పుట్టాలని గోడకు అంటించుకోవడానికి అర్థం కూడా సన్నబడింది. పెళ్లిళ్లు హోటల్ హాళ్లకు మారాయి. అయినా జంట సంతోషం అక్షరం, అంటే సంతోషం అన్న చైనా అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన కలిపి పెళ్లిలో పెట్టే ఎర్ర గుర్తు, కారు అద్దం నుంచి ఫ్రిజ్ తలుపు దాకా ఇంకా అన్నిటి మీదా కనిపిస్తుంది. అది కత్తిరించింది యంత్రమే అయినా దాన్ని అంటించకుండా పెళ్లి చేసే ఇల్లు తక్కువ.

గుర్తింపు తెచ్చిన మార్పు

2006లో చైనా ప్రకటించిన మొదటి జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో ఆన్‌సాయ్, యూషియెన్, యాంగ్‌జౌ, దాయ్ కత్తిరింపులు చేరాయి. 2011లో దీనికోసం చట్టం వచ్చింది. జాతీయ స్థాయి వారసులుగా గుర్తించిన కళాకారులకు 2016 నుంచి ఏటా 20,000 యువాన్ల సాయం అందుతోంది. బడుల్లో నేర్పుతున్నారు. ఒకప్పుడు ఫలానావాడి పెళ్లాం అని తప్ప పేరు తెలియని స్త్రీల పేర్లు గోడల మీద, కేటలాగుల్లో కనిపిస్తున్నాయి. ఇది చిన్న సంగతి కాదు.

దాంతో పాటే చిక్కులు వచ్చాయి. అందరిదీ అయిన నమూనా ఇప్పుడు ఒకరిది కావాల్సి వచ్చింది. 2001 పాము సంవత్సరం తపాలా బిళ్లలో తన కత్తిరింపును సరైన అనుమతి లేకుండా వాడుకున్నారని ఉత్తర షాన్‌షి కళాకారిణి ఒకరు కోర్టుకు వెళ్లారు. సంప్రదాయ పద్ధతిలో చేసినా అది ఆమె సొంత సృష్టి, కాపీరైట్ ఉంటుందని బీజింగ్ కోర్టు ఒప్పుకుంది. న్యాయంగా చూస్తే అది సరైన తీర్పే. అయితే అదే సూత్రం పొగ మీద నమూనా తీసుకుని పక్కింటికి ఇచ్చే పాత పద్ధతికి పొసగదు. ఊళ్లో పదిమంది కత్తిరించే చోట ఒకరిని వారసురాలని ప్రకటిస్తే మిగతా తొమ్మిదిమంది పని ఏమవుతుందన్న ప్రశ్నకు జాబితాల దగ్గర జవాబు లేదు.

బొమ్మలు కూడా మారాయి. ఫ్రేము కట్టాలంటే పెద్దది కావాలి, కాబట్టి అరచేతి బొమ్మలు పోయి మీటర్ల పొడవు కాగితాలు వచ్చాయి. పర్యాటకుడికి అర్థం కావాలి కాబట్టి పన్నెండు జంతువులు, డోలు నృత్యం, చైనా గోడ ముందుకొచ్చాయి. బోర్లించిన గిన్నెలు వెనక్కి పోయాయి.

ఇక ముందు ఏం జరగవచ్చు

యూషియెన్ లాంటి చోట్ల పరిశ్రమ కొనసాగే అవకాశం ఎక్కువ, లేజర్ యంత్రంతో పోటీ పడుతూనో, దాన్నే వాడుకుంటూనో. ఆన్‌సాయ్ లాంటి చోట్ల కళ బడుల్లో, ప్రదర్శనల్లో, పర్యాటక కేంద్రాల్లో ఉంటుంది, ఇళ్లలో తగ్గుతుంది. జంతు సంవత్సరాల బొమ్మలకు ఢోకా లేదు, ఏటా కొత్త జంతువు, ఏటా కొత్త డిమాండ్. పెళ్లి బొమ్మల్లో ఆ జంట సంతోషం అక్షరం ఒక్కటీ గట్టిగా నిలబడుతుంది.

ముందుగా పోయేవి కొనేవాళ్లు లేనివి. జబ్బుపడ్డ పిల్లవాడి కోసం కత్తిరించిన ఆత్మను పిలిచే బొమ్మను ఎవరూ పండగ కానుకగా కొనరు, వాన ఆపే చీపురు స్త్రీని ఎవరూ హోటల్ లాబీలో పెట్టరు. ఎంబ్రాయిడరీ కింద దాగే నమూనా ఎవరికీ కనిపించనే కనిపించదు. లూ షెంగ్‌జోంగ్ లాంటి సమకాలీన కళాకారుడు ఆ ఎర్ర పిల్ల ఆకారాన్నే వేల సంఖ్యలో కత్తిరించి గ్యాలరీ గదుల నిండా అంటించాడు, 2022లో చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. ఆ రకంగా ఆకారం చూడటానికి మిగిలింది. జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడి పక్కన కూర్చుని, ఆ పిల్లవాడి పేరు పలుకుతూ దాన్ని కత్తిరించడం తెలిసినవాళ్లు ఉత్తర షాన్‌షిలో ఇప్పుడు వయసు మీదపడినవాళ్లే. వాళ్ల దగ్గర కూర్చుని ఆ పనిని, ఆ పిలుపును కలిపి నమోదు చేసుకోవడానికి మిగిలిన వ్యవధి తక్కువ.